నోటికి ఏమీ ఇవ్వలేదు

7 ఫిబ్రవరి 1988, ఆదివారం

ఇంటికి వచ్చి రెండు రోజులైంది. అరవై రోజుల సెలవు. బయల్దేరేటప్పుడు కెప్టెన్ సారు ఈ నోటుపుస్తకం నా చేతిలో పెట్టి, "సుభానీ, రోజూ ఏదో ఒకటి రాయి. ఎవరికీ చూపించనక్కర్లేదు. రాస్తే నిద్ర పడుతుంది" అన్నారు. ఆయన కేరళాయన, మా ఫీల్డ్ ఆసుపత్రిలో సర్జన్. నేను ఆయన కింద నర్సింగ్ అసిస్టెంటుని. ఆయనకు నిద్ర పడుతోందా అని నేను అడగలేదు.

రైలు చీరాలలో దిగాను. దిగగానే వెళ్లాల్సిన ఇల్లు ఒకటి ఆ ఊళ్లోనే ఉంది. చిరునామా చొక్కా జేబులో ఉంది. సిపాయి భావనారాయణ వాళ్ల ఇల్లు. మగ్గం నేసేవాళ్లు, తండ్రి పేరు చెంచురామయ్య. భావనారాయణ పోయిన అక్టోబరులో శ్రీలంకలోని జాఫ్నాలో పొట్టలో గాయంతో మా దగ్గరికి వచ్చాడు, మా దగ్గరే చనిపోయాడు. "మీ పక్క ఊరే కదా. వెళ్లి అమ్మానాన్నల్ని చూసి రా. దగ్గరున్నవాడి నోటి నుంచి వింటే వాళ్లకు కాస్త ఊరట" అని సారు చెప్పి పంపారు.

పర్చూరు బస్సు కదలబోతుంటే ఎక్కేశాను. అది తప్పితే మళ్లీ గంట ఆగాలి. పైగా పెట్టె బరువుగా ఉంది. నెత్తిన పెట్టె పెట్టుకుని పరామర్శకు ఎవరు వెళ్తారు?

వెళ్తాను. అరవై రోజులుంది.

9 ఫిబ్రవరి

పొద్దున్నుంచీ జనం. మా ఊరికి నేను మిలిటరీ డాక్టర్ని. కాదు మొర్రో అన్నా వినరు. ఒకావిడకు మోకాళ్లు, ఒకాయనకు ఆయాసం, ఇంకొకాయన ఎద్దునే తోలుకొచ్చాడు, దాని కంట్లో పువ్వట. నాకు నాలుగో క్లాసు చెప్పిన రామమూర్తి మాస్టారు, "ఏరా సుభానీ, అంత యుద్ధంలో పని చేశావు, నా నడుముకో సూది వెయ్యలేవా?" అన్నారు. నా దగ్గర సూదీ లేదు, మందూ లేదన్నాను. ఊరి వాళ్ల దగ్గర దాచుకుంటున్నానని ఆయన నమ్మకం.

నాయన చిక్కిపోయాడు. దూది ఏకి, పరుపులు కుట్టి నన్ను పదో క్లాసు దాకా చదివించిన మనిషి. ఈ ఏడు పత్తికి తెల్లదోమ పట్టింది. ఎన్ని మందులు కొట్టినా చేలు నల్లగా మాడిపోయాయట. "పత్తే లేకపోతే దూదేకుల హుస్సేన్ సాహెబుతో ఎవడికి పని?" అని నవ్వుతాడు. మా నాయన కష్టం వస్తే నవ్వుతాడు, మిగతా అప్పుడు కసురుతాడు.

"చీరాల ఎప్పుడు వెళ్తున్నారు?" అని మా ఆవిడ ఖుర్షిదా అడిగింది. రేపు అన్నాను.

10 ఫిబ్రవరి

వెళ్లలేదు.

12 ఫిబ్రవరి

ఖుర్షిదా మిరపకల్లంలో తాలుకాయలు ఏరే పనికి వెళ్తోంది. సాయంత్రం ఆమె ఇంట్లోకి రాగానే అందరం తుమ్ముతాం. నేను రోజంతా ఖాళీ. ఖాళీగా ఉండేకంటే అక్కడ మా పని ఎలా ఉండేదో ఒకసారి వరసగా రాసి పెడతాను.

మా ఆసుపత్రి ఒక బడి. కిటికీ ఊచలకు సెలైన్ సీసాలు వేలాడదీసేవాళ్లం. బడిపిల్లల బల్లలు రెండు కలిపితే ఆపరేషన్ బల్ల. గాయపడ్డవాళ్లను తెచ్చి వరండాలో దించుతారు. సారు లోపల కోస్తూ కుడుతూ ఉంటారు, ఆయనకు తల ఎత్తే తీరిక ఉండదు. బయట ఎవరు ముందు, ఎవరు తర్వాత అని చూడాల్సింది నేను. మూడు వరసలు. ఇప్పుడే లోపలికి వెళ్తే బతికేవాళ్లు మొదటి వరస. కాసేపు ఆగగలిగినవాళ్లు రెండో వరస. మూడో వరస బడి వెనక, తాటిచెట్ల కింద. అక్కడ ఎవరిని పెడతామో రాయక్కర్లేదు.

పొట్టలో తూటా దిగినవాడికి విపరీతమైన దాహం వేస్తుంది. కాళ్లు పట్టుకుని అడుగుతాడు. ఇవ్వకూడదు. మత్తు ఇచ్చినప్పుడు కడుపులో ఉన్నది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే బల్ల ఎక్కించే ముందు సారు ప్రతివాడి గురించీ నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు, "నోటికి ఏమైనా ఇచ్చావా?" అని. ఇచ్చానంటే ముందు గొట్టం వేసి కడుపు ఖాళీ చేసి, ఆ తర్వాతే మత్తు ఇస్తారు.

భావనారాయణ కూడా నీళ్లడిగాడు. తెలుగులో అడిగాడు. నేను ఇవ్వలేదు.

13 ఫిబ్రవరి

నీళ్లడిగినవాడికి లేదనడం ఎంత కష్టమో చేసినవాడికి తెలుస్తుంది. మన వైపు పగవాడు వచ్చి అడిగినా చెంబు అందిస్తాం. అయినా లేదనే అన్నాను. ఇవ్వలేదు.

16 ఫిబ్రవరి

శివరాత్రి. బస్సులన్నీ కోటప్పకొండ వైపే వెళ్తున్నాయి. పండగపూట ఒకరింటికి చావు మాటలు మోసుకుపోవడం మర్యాద కాదు. ఇది ఖుర్షిదా కూడా ఒప్పుకుంది. ఒప్పుకుంటూ నా మొహంలోకి చూసింది.

17 ఫిబ్రవరి

ఇవాళా వెళ్లలేదు.

19 ఫిబ్రవరి

చీరాల వెళ్లాను. జాండ్రపేటలో వాళ్ల వీధి దాకా వెళ్లాను. వీధి పొడుగునా ఏ ఇంట్లో చూసినా మగ్గం చప్పుడే. ఒకాయన గుమ్మంలో నిలబడి, "ఎవరింటికి బాబూ?" అన్నాడు. చెంచురామయ్యగారి ఇంటికన్నాను. "మిలిటరీలో కొడుకు పోయాడు, ఆయనేనా? పద, చూపిస్తా" అని ముందుకు నడిచాడు. నేను ఇంకోసారి వస్తానని చెప్పి వెనక్కి తిరిగాను. ఆయన ఏమనుకున్నాడో. బజారులో ఒక తువ్వాలు కొనుక్కుని బస్సెక్కాను.

ఇంట్లో ఎవరూ లేరని ఖుర్షిదాతో చెప్పాను. "మగ్గం నేసేవాళ్లు ఇల్లొదిలి ఎక్కడికి పోతారు?" అంది. ఆమెతో ఇదే చిక్కు.

అసలు అక్కడికి వెళ్లి ఏం చెప్పాలి? మీ వాడు ధైర్యంగా ఉన్నాడు, బాధ పడలేదు, మేం చేయగలిగిందంతా చేశాం. మూడు మాటలు. మిగతావాళ్ల ఇళ్లకు వెళ్లేవాళ్లంతా ఇవే చెప్తారు.

24 ఫిబ్రవరి, గుంటూరు

బ్రాడీపేటలో మందుల షాపు ఎదురుగా ఉన్న లాడ్జిలో కూర్చుని రాస్తున్నాను. నోటుపుస్తకం సంచిలో ఎలా వచ్చిందో తెలియదు. బట్టలతో పాటు ఖుర్షిదా సర్దేసినట్టుంది.

సోమవారం పొద్దున ఎనిమిది గంటలకు కల్లం దగ్గర కోడె కుమ్మింది. కుమ్మింది ఎవరినో కాదు, మా బావమరిది పీరుని. ఖుర్షిదాకు తోడబుట్టినవాడు ఒక్కడే. కొమ్ము పొట్టలో దిగి పక్కకు చీల్చింది. నేను పరిగెత్తి వెళ్లేసరికి మిరపకాయల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. పేగులు బయటికొచ్చాయి. చుట్టూ పదిహేను మంది నిలబడి తలో మాటా అంటున్నారు. ఒకడు పేగులు లోపలికి తోసెయ్యమంటున్నాడు, ఇంకొకడు పసుపు అద్దమంటున్నాడు.

నా చేతులకు మాత్రం ఏం చెయ్యాలో తెలుసు. అందర్నీ వెనక్కి నెట్టాను. నాయన కాచి చల్లార్చిన నీళ్లు తెచ్చాడు, కాస్త ఉప్పు కలిపించి, ఉతికిన పంచె తడిపి పేగుల మీద కప్పాను. లోపలికి తోయలేదు. మోకాళ్లు మడిచి కింద గోనెసంచి పెట్టాను. మనిషిని పంపి పర్చూరు నుంచి జీపు తెప్పించాను.

పీరు నా చెయ్యి పట్టుకుని, "బావా, నాలుక పిడచ కట్టుకుపోతోంది. గుక్కెడు నీళ్లు" అన్నాడు.

ఇవ్వనన్నాను.

"ఒక్క గుక్క బావా. నీ కాళ్లు పట్టుకుంటా."

ఖుర్షిదా గ్లాసుతో వచ్చి వాడి తల దగ్గర కూర్చుంది. నేను ఆ గ్లాసుని చేత్తో కొట్టాను. నీళ్లు మిరపకాయల మీద పడ్డాయి. జనం ఒక్కసారిగా నోళ్లు తెరిచారు. "చచ్చేవాడి గొంతు తడపనీయడే. మిలిటరీకి పోయి రాయైపోయాడు వీడు" అని ఎవరో ముసలాయన అన్నాడు. ఖుర్షిదా నన్ను చూసింది. పెళ్లయిన ఆరేళ్లలో ఆమె నన్ను అలా చూడలేదు.

గుంటూరు దాకా రెండు గంటలు. దారి పొడుగునా తడిగుడ్డతో పెదవులు మాత్రం అద్దుతూ కూర్చున్నాను. అంకమ్మో పీర్లో, నేను ఎవరికి మొక్కుకున్నానో నాకే గుర్తు లేదు. పెద్దాసుపత్రిలో స్ట్రెచర్ మీదకు మారుస్తుంటే ఒక చిన్న డాక్టరమ్మ వచ్చింది. పేరూ వయసూ అడగలేదు. ముందుగా అడిగింది ఒక్కటే.

"నోటికి ఏమైనా ఇచ్చారా?"

"ఏమీ ఇవ్వలేదు డాక్టరుగారూ" అన్నాను.

ఈసారి అది నిజం.

25 ఫిబ్రవరి

పీరుకి ఆపరేషన్ అయ్యాక తెలివొచ్చింది. రెండు చోట్ల పేగు కుట్టారట.

పైన "ఈసారి" అని ఎందుకు రాశాను? కొట్టేద్దామని పెన్ను తీశాను. కొట్టెయ్యలేదు.

27 ఫిబ్రవరి

పెద్ద డాక్టరు రౌండ్స్‌కు వచ్చి నన్ను పిలిచారు. "నువ్వు నీళ్లు పోసి ఉంటే మత్తులోనే పోయేవాడు. ఆ పంచె తడిపి కప్పడం కూడా మంచి పని చేశావు" అని నలుగురు కుర్ర డాక్టర్ల ముందు నా భుజం తట్టారు. నేను బయటికి వచ్చి ఆసుపత్రి గోడ పక్కన కూర్చుని నోటుపుస్తకం తీశాను.

రాస్తాను. ఎవరికీ చూపించనక్కర్లేదు కదా.

భావనారాయణకు నీళ్లు పోశాను.

వాణ్ని మూడో వరసలో పెట్టింది నేనే. నాడి చేతికి అందలేదు, పొట్ట బిగుసుకుపోయింది. సెలైన్ ఒకటి తగిలించి తాటిచెట్ల కిందకు పంపించాను. కాసేపటికి అటు వెళ్తే హిందీలో నీళ్లడిగాడు. అప్పటికే పక్కనున్న ఇద్దరు పోయారు. ఓరి దేవుడా అని నాలో నేను అనుకున్న మాట పైకే వచ్చేసింది. వాడు కళ్లు తెరిచాడు.

"అన్నా, మనోడివా? ఏ ఊరు?"

"పర్చూరు దగ్గర."

"మాది చీరాల" అన్నాడు. నవ్వబోయాడు. "నన్ను ఈ పక్కన ఎందుకు పెట్టావో నాకు తెలుసులే అన్నా. పోయేవాడి గొంతులో మన వైపు నీళ్లు పోస్తారుగా. పొయ్యి."

రెండు నెలలుగా తెలుగు మాట విని ఎరగను. సీసా మూత తీసి పోశాను. ఇంకా అన్నాడు. మళ్లీ పోశాను. సగం సీసా అయింది.

మూడో వరసలో వాళ్లకు నీళ్లివ్వడం తప్పు కాదు. అందరం ఇస్తాం. ఇంతవరకు నేను తప్పు చెయ్యలేదు. వాణ్ని ఆ వరసలో పెట్టడం కూడా అప్పటికి నాకు తోచిన న్యాయమే.

గంట తర్వాత తాకిడి తగ్గింది. సారు చేతులు తుడుచుకుంటూ బడి వెనక్కి వచ్చి ఒక్కొక్కరినీ చూశారు. భావనారాయణ మణికట్టు పట్టుకుని ఆగిపోయారు. సెలైన్ ఎక్కి నాడి తిరిగొచ్చింది. "ఇతన్ని ఇక్కడ పెట్టిందెవరు? బతికే మనిషి. పట్టండి లోపలికి" అని కేకేశారు. స్ట్రెచర్ మోసేవాళ్లు నలుగురు పరిగెత్తుకొచ్చారు. వాళ్లందరి ముందూ నా వైపు తిరిగి అడిగారు.

"నోటికి ఏమైనా ఇచ్చావా?"

బతికేవాణ్ని చచ్చేవాళ్లలో పడేశానని అప్పటికే తేలిపోయింది. ఇంకో తప్పు కూడా ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. "లేదు సార్" అన్నాను.

అంతే. రెండు మాటలు. ఇచ్చాను అని ఉంటే గొట్టం వేసేవారు, పది నిమిషాల పని. మత్తు ఎక్కగానే కడుపులో ఉన్నది పైకి తన్నింది. రక్తం కలిసి ఉండటంతో అది నీళ్లని సారుకు తెలియలేదు. పీల్చే గొట్టం అడిగితే నేనే అందించాను. ఇరవై నిమిషాలు పెనుగులాడారు. వాడు వెళ్లిపోయాడు.

సారు ఆ తర్వాత రోజుల తరబడి మత్తు మోతాదు కాగితాల మీద రాసి చూసుకుంటూనే ఉన్నారు. "నేనెక్కడ పొరపాటు చేశాను సుభానీ?" అని నన్ను అడిగారు. మీరేమీ చెయ్యలేదు సార్ అన్నాను. ఆ ఒక్క మాటా నిజమే చెప్పాను.

1 మార్చి

పీరు గంజి తాగాడు. ఖుర్షిదా వారం తర్వాత నాతో మాట్లాడింది. ఆసుపత్రి మెట్ల మీద నా పక్కన కూర్చుని, "ఆ రోజు మిమ్మల్ని మనసులో శపించాను. తప్పయింది" అంది. తమ్ముడు బతికాడన్న సంతోషంలో నా చెయ్యి పట్టుకుంది.

ఆ చెయ్యి పట్టుకుని ఉండగానే అంతా చెప్పేశాను. జాఫ్నా, తాటిచెట్లు, సారు అడిగింది, నేనన్నది. ఆమె చెయ్యి మాత్రం వదల్లేదు.

"నాకెందుకు చెప్తున్నారు? నేను ఆ పిల్లాడి తల్లిని కాదుగా" అంది.

"వాళ్లకు చెప్తే ఏమొస్తుంది? కొడుకు తిరిగొస్తాడా?"

"రాడు. మీరు తిరిగొస్తారేమో. వచ్చి నెల కావస్తోంది, మీరింకా ఇంటికి రాలేదు."

5 మార్చి, శనివారం

చీరాల వెళ్లి వచ్చాను.

ఈసారి వీధిలో ఎక్కడా ఆగకుండా చిరునామా చూసుకుంటూ వెళ్లాను. చెంచురామయ్యగారు గుంటమగ్గంలో కూర్చుని నేస్తున్నారు. ఎముకల గూడు లాంటి మనిషి, కళ్లద్దాలకు ఒక పక్క దారం కట్టి ఉంది. భార్య కనకలక్ష్మిగారు రాట్నం దగ్గర కండెలు చుడుతోంది. గుమ్మంలో నిలబడి, జాఫ్నాలో భావనారాయణ దగ్గర నేనున్నానని చెప్పాను. రాట్నం ఆగింది. మగ్గం ఆగలేదు.

"నీ పేరేంది నాయనా?"

"సుభానీ అండి. పర్చూరు దగ్గర."

"సాయిబుల అబ్బాయివా. రా, ఇట్టా కూర్చో."

చాప మీద కూర్చున్నాను. మూడు మాటలు తయారుగా పెట్టుకున్నాను. ధైర్యంగా ఉన్నాడు, బాధ పడలేదు, చేయగలిగిందంతా చేశాం. ఒకటి కూడా అనే లోపు ఆమె నా ముందుకు జరిగి కూర్చుంది.

"నాకు వేరే ఏమీ చెప్పబల్లేదు. ఒక్కటే చెప్పు. పోయే ముందు నా బిడ్డ గొంతులో ఎవరన్నా నీళ్లు పోశారా?"

 తల్లి ఇది అడుగుతుందని మన వైపు పుట్టినవాడినై ఉండి కూడా నాకు తట్టలేదు.

"అడిగినోళ్లందరూ తెలవదంటన్నారు. కాయితంలో కూడా అది రాయలా. నువ్వు దగ్గరున్నావుగా. పోశారా?"

"పోశారమ్మా."

"ఎవరు?"

"నేనే పోశాను."

"నీళ్లు కావాలని వాడే అడిగాడా?"

"అడిగాడు. చీరాల అని చెప్పి అడిగాడు."

"తాగి ఏమన్నాడు?"

"ఇంకా కావాలన్నాడు."

"మళ్లీ పోశావా?"

"పోశానమ్మా."

ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను అన్న ప్రతి మాటా నిజం. నాలుగు నెలలుగా ఎవరికీ చెప్పని నిజం. ఒక్కో మాటా నా మెడకు ఉరి అనుకుని చెప్పాను, ఆమె ఒక్కో మాటకీ దణ్ణం పెట్టింది. "తులసి లేకపోతే మానె. ఎవరి చేత్తో పోస్తే ఏం, నీళ్లు నీళ్లే. నీ కడుపు చల్లగుండ" అంది. లేచి వెళ్లి కుండలో నీళ్లు ముంచుకుని నిలబడే గ్లాసెడూ తాగింది. తర్వాత గ్లాసు బోర్లించి, "అన్నం తిని పోవాల నువ్వు. పొయ్యి మీద ఎసరు పెడతా" అని వంటింట్లోకి వెళ్లింది.

మగ్గం చప్పుడు అప్పుడు ఆగింది.

"నువ్వింకేదో చెప్పడానికి వచ్చినట్టున్నావే" అన్నాడు చెంచురామయ్యగారు. నా వైపు చూడలేదు, పడుగు మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు.

చెప్పాను. గొంతు తగ్గించి, ఏదీ మిగల్చకుండా చెప్పాను. మూడో వరస చెప్పాను. లేదు సార్ అన్నది చెప్పాను. వంటింట్లో చెరిగే చాట చప్పుడు వినపడుతూనే ఉంది.

"ఆయన అడిగినప్పుడు ఇచ్చానని చెప్పుంటే బతికేవోడా?"

"ఖాయంగా చెప్పలేనండి. ఆ గాయంతో పదిమందిలో నలుగురు బతుకుతారు. ఆ నలుగురిలో ఉండేవాడేమో."

ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది.

"ఆ డాక్టరుకి తెలుసా?"

"తెలియదండి."

"మరి ఆయనేమనుకుంటన్నాడు?"

"తన చేతిలో పొరపాటు జరిగిందనుకుంటున్నారు."

"ఇన్నాళ్ల నుంచా?"

"అవునండి."

చెంచురామయ్యగారు గుంటలోంచి పైకి లేచాడు. ఒక అరుగు మీద కాలు పెట్టి అటక అంచున చెయ్యి పోనిచ్చి ఒక ఇన్‌లాండ్ కవరు తీశాడు. అంచులు పసుపు పచ్చగా మారాయి. "వాడికి రాద్దామని తెచ్చినయ్యి. మిగిలిపోయినయ్యి" అన్నాడు. దాన్ని నా ముందు పెట్టాడు.

"రాయి."

"ఇప్పుడాండి?"

"ఇప్పుడే. ఇక్కడే. నా కొడుకుని బతికించాలని చూసినోడు ఆయనొక్కడే. ఆయన మీద ఆ పాపం ఎందుకు?"

మోకాలి మీద పెట్టుకుని నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను.  తెలుగులో చెప్పమన్నాడు. వంటింటి వైపు చూస్తూ మెల్లగా చెప్పాను. "సార్, అక్టోబరు ఇరవై రెండున సిపాయి భావనారాయణ గురించి మీరడిగితే ఏమీ ఇవ్వలేదన్నాను. అబద్ధం చెప్పాను. అరసీసా నీళ్లిచ్చాను. మీరిచ్చిన మత్తులో పొరపాటు లేదు. మీరేం శిక్ష వేయించినా సిద్ధం."

"నీ పేరు రాశావా?"

"రాశానండి."

"నంబరు?"

నేను ఆయన వైపు చూశాను.

"మావాడు ప్రతి ఉత్తరంలో పేరు కింద నంబరేసేవాడు. నంబరు లేకపోతే మిలిటరీలో అది ఉత్తరం కాదంట."

నంబరు రాశాను, పైన సారు చిరునామా కూడా రాశాను. ఆయన పడుగుకు పెట్టే గంజి కాస్త వేలికి తీసుకుని కవరు అంచు అంటించాడు. అరచేత్తో రెండుసార్లు అదిమి, పక్కన కొక్కానికి వేలాడుతున్న చొక్కా జేబులో పెట్టాడు.

"పోస్టులో నేను వేస్తానండి. స్టేషన్ దగ్గర డబ్బా ఉంది."

"నువ్వు వేస్తావో లేదో నాకేం తెలుసు" అన్నాడు. కోపంగా అనలేదు. ఉన్న మాట అన్నాడు.

వంటింటి వైపు చూసి, "ఆమెకు మాత్రం చెప్పమాక. నాలుగు నెలల నుంచి గుటక దిగేది కాదు ఆమెకి. ఇయ్యాల నీళ్లు తాగింది" అన్నాడు.

ఇద్దరికీ పక్కపక్కనే విస్తళ్లు వేసింది. గోంగూర పచ్చడి, పప్పు, వేడన్నం. ఆయన పప్పు కలుపుకున్నాడు. ఆమె మా ముందు కూర్చుని వాడి చిన్నప్పటి సంగతులు చెప్పింది, ఒకటి రెండుసార్లు నవ్వింది కూడా. "సంవత్సరీకానికి రావాల నాయనా. గొంతులో నీళ్లు పోసినోడివి, నువ్వు లేకుండా ఎట్టా?" అంది.

నేను చెంచురామయ్యగారి వైపు చూశాను. ఆయన తల ఎత్తలేదు. ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగాక అన్నాడు.

"అప్పటికి మిలిటరీవాళ్లు వదిల్తే వస్తాడ్లే."

ఆయన నాకంటే ముందే లేచి చెయ్యి కడుక్కుని చొక్కా తొడుక్కున్నాడు. "ఈ ఎండలో ఎక్కడికి?" అని ఆమె అడిగింది. ఉత్తరం వేసొస్తానన్నాడు. "ఎవరికి?" అంది ఆశ్చర్యంగా. ఇప్పుడు ఆ ఇంటి నుంచి ఉత్తరం అందుకోవాల్సినవాళ్లు ఎవరూ లేరు. ఆయన మెట్లు దిగి వెళ్లాడు.

ఆమె కాసేపు గుమ్మం వైపు చూసి, నా విస్తట్లో ఇంకో గరిటెడు అన్నం వడ్డించింది. వద్దనలేకపోయాను. తిన్నాను.